చిన్నకత్తి లేని బోర్డు

జూన్ 9

గ్రాఫిక్ డిజైన్ కోర్సులో చేరాను. వయసు నలభై ఏడు. రాత్రి కాలేజీలో చదివి పట్టా పుచ్చుకున్నవాడికి సాయంత్రపు తరగతి కొత్త కాదు. తక్కిన విద్యార్థులందరూ నా కూతురి ఈడువాళ్ళు. పాఠం చెప్పే మేడమ్ వాళ్ళకంటే కాస్త పెద్ద, నాకంటే చాలా చిన్న. పరిచయాలప్పుడు నేను లేచి నిలబడి, "పట్టభద్రుణ్ణి. మాంసం వ్యాపారం" అని చెప్పాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఎవరన్నది తిరిగి చూడలేదు. చూడవలసిన అగత్యం నాకు లేదు.

మొదటి పాఠం ఇది. ప్రేరణ కోసం ఎక్కడెక్కడో వెతకవద్దు. రోజూ నిలబడే చోటనే చూడండి. అక్కడి నుంచి ఒక ఆకారం, ఒక రంగు, ఒక గరుకుదనం పట్టుకు రండి.

నేను రోజూ నిలబడేది మాంసం కొట్టే మొద్దు దగ్గర.

జూన్ 10

తెల్లవారుజామున రెండు పొట్టేళ్ళు కోశాం. కొక్కేలకు వేలాడదీశాక, రోజూలాగా నీళ్ళు కొట్టి కడగకుండా కొంతసేపు చూస్తూ నిలబడ్డాను. పక్కటెముకలు ఎవరో రూళ్ళకర్రతో గీసినట్టు సమాన దూరంలో ఉన్నాయి. ఎరుపు పక్కన కొవ్వు తెలుపు ఎంత చక్కగా ఆగుతుందో ఇన్నేళ్ళూ గమనించలేదు. నేల మీద నెత్తురు మొదట మెరిసి, తర్వాత మాసి, చివరకు ఇటుకరంగుకు దిగింది. మూడు రంగులూ కాగితం మీద రాసుకున్నాను.

మా పని ఇద్దరు కలిసి చేసేది. తమ్ముడు ఎడమచేత్తో తొడను మొద్దు మీద అదిమి పట్టుకుంటాడు. నేను పెద్దకత్తి ఎత్తి, దించే ముందు "ఊఁ" అంటాను. వాడు చెయ్యి వెనక్కి జరుపుతాడు. కత్తి దిగుతుంది. వాడు చేతి వైపు చూడడు, కత్తి వైపూ చూడడు. కొనేవాళ్ళతో కబుర్లాడుతూనే ఉంటాడు. నాన్న దగ్గర ఆయన తమ్ముడు ఇలాగే పట్టుకునేవాడు. ఎముక తెగాక చిన్నకత్తితో కండ విడదీసేది తమ్ముడే. ఆ పని నాకు రాక కాదు. దానికి కావలసిన ఓపిక నేను పుస్తకాలకు ఖర్చు పెట్టాను.

మధ్యాహ్నం బేరాలు సద్దుమణిగాక మొద్దును గీకి, తుడిచి, ఆరబెట్టి, దాని మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దాను. నాన్న నాటి నుంచి పడిన దెబ్బలన్నీ తెల్లటి గీతలై పైకి లేచాయి.

"ఏంటన్నయ్యా, మొద్దుకి కూడా చదువు చెప్తున్నావా?" అన్నాడు తమ్ముడు.

ఎదుటి బల్ల చేపలావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "చెప్పనీరా. మీ ఇద్దరికంటే అదే ముందు పాసవుద్ది."

జూన్ 17

నా బొగ్గు కాగితాన్ని మేడమ్ గోడకు అంటించారు. అందరిలోనూ నాది ఒక్కటే. ఒక కుర్రవాడు వచ్చి, "అంకుల్, ఇది ఏ ఊరి మ్యాపు?" అని అడిగాడు.

"దెబ్బలు" అన్నాను.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

జూన్ 24

ఐసు దించేవాడు కరుగుతున్న ఐసు దిమ్మను నా బొమ్మల కాగితాల మీద పెట్టాడు. వారం రోజుల పని. మందలించాను.

మందలింపు కాస్త గట్టిగానే జరిగిందని మా ఇంటావిడ అభిప్రాయం. వాడి ముఖం దిమ్మకు తగిలింది. తగిలినప్పుడు వచ్చిన చప్పుడు కొబ్బరికాయ కొట్టినట్టు ఉంది. పన్ను ఒకటి ఐసులో ఇరుక్కుంది. తమ్ముడు నన్ను వెనక నుంచి పట్టుకుని లాగకపోతే రెండోసారి కూడా తగిలేదేమో. ఐసు మీద ఎరుపు పొగలాగా పాకింది, అంచులు లేకుండా. అటువంటి ఎరుపును రంగుల డబ్బా నుంచి రాబట్టడం కష్టం.

"ఏమండీ, చదువుకుంటే మనిషికి నెమ్మది వస్తుందంటారు. మీకు రివర్సులో ఎక్కుతోంది" అంది ఇంటావిడ.

స్త్రీలకు క్రమశిక్షణ విలువ తెలియదు.

జూలై 2

తమ్ముడు నలుగురి ముందు నన్ను "డిగ్రీ" అని పిలిచాడు. "డిగ్రీ, ఓ కిలో కొట్టు." బజారంతా అలాగే పిలుస్తుంది గాని, వాడు అనడం ఇదే మొదలు. పట్టించుకోలేదు.

జూలై 3

పట్టించుకోలేదు.

జూలై 15

మొదటి దశ చివరి పని ఇచ్చారు. నిజంగా నడుస్తున్న ఒక వ్యాపారానికి గుర్తు తయారు చేయాలి. దాన్ని బోర్డు మీదికి ఎక్కించి, ఆ చోట తగిలించి, దాని కింద పని జరుగుతూ ఉండగా ఫోటో తీయించి చూపాలి. ఆగస్టు నెలాఖరు గడువు. అది లేనివాళ్ళకు రెండో దశలో చోటు లేదు.

నాకు చోటు కావాలి. ఈ మాట ఇక్కడ తప్ప ఎవరితోనూ అనను. బజారులో పుట్టి, బజారులో కోసి, బజారులోనే పోయేవాడిగా మిగిలిపోవడానికి నేను అంతకాలం రాత్రిళ్ళు చదవలేదు.

మా దుకాణానికే చేస్తాను.

జూలై 18

నాన్న వేయించిన బోర్డు మీద రెండు కత్తులు పక్కపక్కనే ఉంటాయి. మేము పనిలోకి దిగిన ఏడు మా కత్తులను రేకు మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, లోపల ఎరుపు నింపించారు. పెద్దది నాది, చిన్నది వాడిది. దాని నకలు గీసి మేడమ్‌కు చూపించాను.

ఆమె చాలాసేపు చూసి, "రెండు ఆకారాలూ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయండీ. కన్ను ఎక్కడ నిలబడాలో తెలియడం లేదు. ఒకటి తీసేసి చూడండి. దేన్ని తీసేసినా మిగతాది బతుకుతుందో, దాన్ని తీసేయొచ్చు" అన్నారు.

ఆ కత్తులు ఎవరివని ఆమె అడగలేదు. అడగని ప్రశ్నకు సమాధానం చెప్పడం పరీక్షల్లో కూడా నాకు అలవాటు లేదు.

జూలై 22

రెండు విధాలుగానూ గీసి చూశాను. చిన్నకత్తి ఒక్కటే ఉంటే చూడముచ్చటగానే ఉంది. బొత్తిగా చూడముచ్చటగా ఉంది. అయితే దూరానికి ఆనదు.

పెద్దకత్తిని ఉంచాను. ఇది పూర్తిగా కళకు సంబంధించిన నిర్ణయం.

ఆగస్టు 4

బజారు సంఘం వాళ్ళు ఈ ఒక్క రోజు సెలవు ప్రకటించారు. నాన్న బోర్డు దించి, గోడకు తిప్పి పెట్టాను. కొత్తది ఎక్కించాను. తెల్లటి నేపథ్యం, ఎర్రటి పెద్దకత్తి. మరేమీ లేదు. ఎదుటి వరుసలో నిలబడి చూస్తే కన్ను సరిగ్గా అక్కడికే వెళ్ళింది.

తమ్ముడికి ముందుగా చెప్పాలా వద్దా అని ఆలోచించాను. వాడికి డిజైన్ గురించి తెలియదు కనుక అనవసరం అనిపించింది.

ఆగస్టు 5

వాడు షట్టరు ఎత్తి, కోసి తెచ్చిన పొట్టేలును కొక్కేనికి తగిలించి, తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. చేపలావిడ బుట్ట దించుతూ, "ఏం తమ్ముడూ, చిన్నోణ్ణి పంపించేశావా? మాకు చెప్పనైనా లేదే" అంది. బజారులో బోర్డు అంటే హక్కు. బోర్డు మీద లేనివాడు దుకాణంలో లేనట్టే. నాకు ఆ సంగతి తెలియనిది కాదు, గుర్తుకు రాలేదు.

"నాది ఏదన్నయ్యా?" అన్నాడు.

"ఇది డిజైన్‌రా. అనవసరమైనవి తీసేస్తారు."

ఆ మాట నేను అనుకున్నంత మృదువుగా రాలేదు.

వాడు లోపలికి వెళ్ళి నా పెద్దకత్తి తెచ్చాడు. బల్ల ఎక్కి బోర్డు మీద కొట్టాడు. మూడో దెబ్బకు బోర్డు నిలువునా చీలి, సగం నా భుజం మీద పడింది. నేను వాడి కాలు పట్టి లాగాను. వెల్లకిలా తడినేల మీద పడ్డాడు. తల రాతికి తగిలి ఉండాలి, ఎందుకంటే లేచేటప్పుడు మెడ మీదుగా ఎర్రగా కారుతోంది. లేస్తూనే నా కడుపులో తలతో పొడిచాడు. ఇద్దరం వేలాడుతున్న పొట్టేలు మీద పడితే కొక్కెంతో సహా ఊడి మా మీద కూలింది. దాని చల్లటి కొవ్వు నా నోట్లోకి వచ్చింది. వాడు నా చెవి కొరికాడు. చేతికి అందిన కొక్కెంతో మందలించాను. కొక్కెం వాడి చెంపలో దిగింది, లాగినప్పుడు చెంప పెదవి దాకా తెరుచుకుంది. లోపలి పళ్ళు బయటికి కనిపించాయి.

చేపలావిడ చేపలు కడిగిన నీళ్ళ తొట్టి తెచ్చి ఇద్దరి మీదా కుమ్మరించింది. "తూ, మీ బతుకులు చెడ. కుక్కలు నయం, ఎముక కోసం కొట్టుకుంటాయి. మీరు బొమ్మ కోసం చస్తున్నారు."

చెవి చీముపడుతుందని మందుల దుకాణం ఆయన మాత్రలిచ్చాడు.

ఆగస్టు 7

మరదలు వచ్చింది. గుమ్మం లోపలికి అడుగు పెట్టలేదు.

"బావగారూ, ఆయన చెంపకి కుట్లు పడ్డాయి. మీ బోర్డుకి కూడా వేయిస్తున్నారట కదా. ఇద్దరూ త్వరగా కోలుకోవాలని చెప్పి పోదామని వచ్చా."

ఇంటావిడ ఆమెను కూర్చోమని బతిమాలింది. ఆమె కూర్చోలేదు. నేను లోపల ఇనుప పట్టీకి కొలతలు రాసుకుంటున్నాను. చీలిక మీద పట్టీ వేసి బిగిస్తే బోర్డుకు ఒక కొత్త గరుకుదనం వస్తుందని నా ఊహ.

ఆగస్టు 12

తమ్ముడు పనిలోకి వచ్చాడు. చెంప మీద నల్లదారం. పట్టీ వేసి మళ్ళీ తగిలించిన బోర్డు వైపు చూడలేదు. మొద్దు దగ్గర నిలబడి ఎడమచెయ్యి వేశాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా మా మధ్య నడిచిన మాట "ఊఁ" ఒక్కటే. అదీ నేను అన్నదే.

పని మాత్రం చక్కగా సాగింది. మాట్లాడుకోని ఇద్దరు మనుషులు బాగా పని చేస్తారు.

ఆగస్టు 20

అదే పరిస్థితి. "ఊఁ" అన్న ప్రతిసారీ వాడి చెయ్యి జరుగుతోంది. అంత కోపంలోనూ వాడు నా గొంతును నమ్ముతున్నాడని ఈ రోజు గమనించి, ఎందుకో చిరాకు పడ్డాను.

ఆగస్టు 26

రేపు ఫోటో. మేడమ్ స్వయంగా వస్తానన్నారు. నలుగురైదుగురు విద్యార్థులు కూడా. బోర్డు మేకులు మరోసారి బిగించాను. ఇంటావిడ చొక్కాకు గంజి పెట్టింది.

"మీ తమ్ముడితో ఒక్క మాట మంచిగా మాట్లాడి వెళ్ళండి. పోయేదేముంది?"

"ఫోటో అయ్యాక మాట్లాడతాను."

ఆగస్టు 27

చెయ్యి జారింది.

ఆగస్టు 28

ఊఁ అన్నాను.

ఆగస్టు 29

జరిగింది జరిగినట్టు రాస్తాను. చదువుకున్నవాడికి అది బాధ్యత.

మేడమ్ వచ్చారు. విద్యార్థులు బోర్డు చూసి బాగుందన్నారు. ఇనుప పట్టీని మేడమ్ ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఒక విద్యార్థి కెమెరా కాళ్ళు నిలబెట్టాడు. నేను గంజి చొక్కా మీద ఏప్రాన్ కట్టుకున్నాను. తమ్ముడు తొడ తెచ్చి మొద్దు మీద వేసి, చెయ్యి వేశాడు. ఇంతవరకు బాగానే ఉంది.

అప్పుడు మేడమ్ మర్యాదకు వాడితో, "మీ అన్నయ్యగారు చాలా కష్టపడుతున్నారండీ" అన్నారు.

"అవునండీ" అన్నాడు తమ్ముడు. కుట్ల వల్ల వాడి మాట ఒక పక్కకు పోతోంది. "మా అన్నయ్య రాత్రి కాలేజీకి వెళ్ళినన్నాళ్ళూ సాయంత్రం బేరం నేనొక్కణ్ణే చూశాను. పట్టుకునేది నేనే, కొట్టేది నేనే. ఊఁ అనడానికి ఎవరూ లేరు, నాకు నేనే అనుకునేవాణ్ణి. చూసేవాళ్ళు పిచ్చోణ్ణనుకునేవాళ్ళు. ఆ పట్టాలో సగం ఈ చేతులదేనండీ. బోర్డు మీద మాత్రం ఈ చేతులు అనవసరమంట. పాపం మా అన్నయ్య ఏం చేస్తాడు, డిజైన్ అట్లాగుంది."

విద్యార్థులు నవ్వారు. వాళ్ళకు అది వేళాకోళంలాగా వినిపించింది.

మేడమ్ నవ్వలేదు. నా వైపు తిరిగి, "తీసేసిన ఆ చిన్నకత్తి ఈయనదా? మీరు నాకు చెప్పలేదే" అన్నారు. "చెప్పి ఉంటే తీసేయమనేదాన్ని కాదు కదండీ."

అందరూ నా వైపే చూస్తున్నారు. కెమెరా వెనక కుర్రవాడు "రెడీ అంకుల్" అన్నాడు. తమ్ముడు చేపలావిడ వైపు తిరిగి ఏదో అంటున్నాడు. ఎప్పటిలాగే చేతి వైపు చూడలేదు.

ఊఁ అన్నాను. కత్తి దించాను.

వాడు వెంటనే అరవలేదు. మొదట ఆశ్చర్యపోయినట్టు మొద్దు వైపు చూశాడు. చూపుడువేలు, మధ్యవేలు తొడ పక్కన విడిగా పడి ఉన్నాయి, మాంసంలో మాంసంలాగా. తర్వాత నెత్తురు ఎగజిమ్మి నా గంజి చొక్కా మీదా, పైన బోర్డు మీదా పడింది. అప్పుడు అరిచాడు. ఒక అమ్మాయి గోడ వైపు తిరిగి వాంతి చేసుకుంది. చేపలావిడ పరుగున వచ్చి వేళ్ళను తన ఐసులో వేసి, పైటచెంగు చింపి వాడి మణికట్టు బిగించి కట్టింది. నేను కత్తి పట్టుకుని నిలబడ్డాను. కత్తి కింద పెట్టమని మేడమ్ రెండు సార్లు చెప్పవలసి వచ్చిందట.

వేళ్ళు అతకలేదు. ఎముక నలిగిపోయిందన్నాడు డాక్టరు.

ఎలా జరిగిందని ఆసుపత్రిలో అడిగితే తమ్ముడు, "నేనే పరధ్యానంగా ఉన్నాను. అన్నయ్య తప్పేం లేదు" అని చెప్పాడు. నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు.

వాడు చెప్పింది నిజమే. పరధ్యానంగానే ఉన్నాడు.

ఆగస్టు 30

కుర్రవాడు తీసిన ఫోటో పంపించాడు. కత్తి పూర్తిగా పైన ఉంది, దిగబోయే క్షణం. నా పెదవులు మూసుకుని ఉన్నాయి.

ఊఁ అనడానికి నోరు తెరవనక్కర లేదు.

ఆగస్టు 31

ఫోటోను అందజేశాను. గడువు గడువే. కూర్పు దృష్ట్యా అందులో లోపమేమీ లేదు. బోర్డు మీది కత్తీ, నా చేతిలోని కత్తీ ఒకే వాలులో ఉన్నాయి. వాటి కింద తమ్ముడి చెయ్యి తెల్లగా, సరిగ్గా కన్ను నిలబడవలసిన చోట ఉంది.

ఇంటావిడ భోజనం పెట్టి వెళ్ళిపోయింది. ఇదివరకు నేను తినేదాకా ఎదురుగా కూర్చునేది.

సెప్టెంబరు 6

మేడమ్ నన్ను గది బయటికి పిలిచారు.

"నియమాల ప్రకారం మీకు రెండో దశ ఇవ్వాలి. ఇచ్చాను. జాబితాలో మీ పేరుంది." కొంచెం ఆగారు. "మీరు రాకుండా ఉంటారేమోనని అనుకుంటున్నాను."

"వస్తానండీ."

"ఆ ఫోటో నేను ఒక్కసారే చూశాను. మళ్ళీ చూడలేను. మీరు ఎన్నిసార్లు చూశారు?"

నేను తలుపులోంచి తరగతి గది లోపలికి చూశాను. గోడ మీద నా బొగ్గు కాగితం ఉన్నచోట ఇప్పుడు మరెవరిదో ఆకుల బొమ్మ ఉంది.

చోటు దొరికింది. సంతోషంగా ఉంది. సంతోషంగా ఉందని ఇంటావిడతో చెప్పాను. ఆమె, "సరే" అంది.

సెప్టెంబరు 19

దుకాణం మూసి ఉంది. ఒక్కడినే కొట్టి చూశాను. ఎడమచేత్తో పట్టుకుంటే కుడిచెయ్యి తడబడింది. ముక్కలు పెంకుల్లాగా ఎగిరాయి. కొనేవాళ్ళు రెండు రోజులు చూసి పక్క వరుసకు వెళ్ళిపోయారు. చేపలావిడ నాతో మాట్లాడటం మానేసింది. ఆమె బల్ల కింద ఐసు తొట్టిని మార్చింది. పాతది కనిపించడం లేదు.

సెప్టెంబరు 27

తమ్ముడు ఇంటికి వచ్చాడు. చేతికి కట్టు విప్పేశారు. మిగిలిన మూడు వేళ్ళూ చిలకముక్కులాగా లోపలికి వంగి ఉన్నాయి. ఇంటావిడ కుర్చీ వేస్తే కూర్చుని, మంచినీళ్ళు తాగి, వాళ్ళ పిల్లవాడి జలుబు గురించి ఆమెతో మాట్లాడాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"సోమవారం దుకాణం తీద్దాం. పట్టుకోవడానికి నాకు వేళ్ళు లేవు. కొట్టడానికి చెయ్యి ఉంది. పెద్దకత్తి ఇకనుంచి నాది. నువ్వు పట్టుకో."

"చిన్నకత్తి పని ఎవరు చేస్తారు?"

"నేర్చుకుంటావులే. చదువుకున్నోడివి."

వాడు వెళ్ళాక ఇంటావిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"వెళ్ళకండి" అంది. "నా మాట వినండి. కావాలంటే దుకాణం వాడికే రాసిచ్చేయండి. వెళ్ళకండి."

"ఎందుకు వెళ్ళకూడదు?" అన్నాను. "నాది తప్పేమీ లేదని వాడే చెప్పాడు కదా."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను అలా చూడటం ఇదే మొదలు.

సెప్టెంబరు 29

వెళ్ళాను.

తమ్ముడు ముందే వచ్చి నేల కడిగి, తొడ మొద్దు మీద వేసి ఉంచాడు. బోర్డు మీది మరకలను ఎవరూ తుడవలేదు, అవి ఇటుకరంగుకు దిగాయి. చేపలావిడ తన బల్ల వదిలి వచ్చి దూరంగా నిలబడింది. నేను ఎడమచెయ్యి వేశాను.

"కుడిది" అన్నాడు.

"కుడిచేత్తో బొమ్మలు వేస్తాను."

"తెలుసు."

ఎడమచెయ్యి తీసి, కుడిచెయ్యి వేశాను. మాంసం చల్లగా ఉంది. వాడు కత్తి ఎత్తాడు. నేను విన్నాను. ఐసు కరిగి కాలవలోకి కారే చప్పుడు వినిపించింది. ఎవరో దూరంగా షట్టరు ఎత్తుతున్న చప్పుడు వినిపించింది. వాడి నుంచి ఏమీ వినిపించలేదు. వాడి భుజం కదలడం చూసి చెయ్యి లాక్కున్నాను. కత్తి మొద్దులో సగం దాకా దిగింది.

వాడు దాన్ని ఊడబెరికి, తొడను పక్కకు తిప్పి, మళ్ళీ నా వైపు చూశాడు. నేను మళ్ళీ చెయ్యి వేశాను.

సాయంత్రం దాకా అలాగే నడిచింది. ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. ప్రతి దెబ్బకూ వాడి భుజాన్ని చూసి చెయ్యి తీశాను. రెండుసార్లు గోటి అంచు తెగింది. కళ్ళు ఆర్పలేక మంటపుట్టి నీళ్ళు కారాయి. కొనేవాళ్ళు ఏడుస్తున్నాననుకున్నారు. షట్టరు దించేటప్పుడు తమ్ముడు, "అలవాటైపోద్ది అన్నయ్యా" అన్నాడు. చాలా రోజుల తర్వాత నన్ను అలా పిలిచాడు.

తరగతికి వెళ్ళవలసిన వేళ దాటిపోయింది. వెళ్ళలేదు. 

రేపు కూడా కుడిచెయ్యే వేయమన్నాడు. వేస్తాను.